కంప్యూటర్లకు గుడ్లు, పిల్లలకు నంబర్లు

మా ఊళ్ళో కూరగాయల మార్కెట్ వెనకాల ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ ఉంది. ఇంటర్ తప్పినవాళ్ళకూ, పెళ్ళయ్యాక మళ్ళీ చదువుకోవాలనుకునే ఆడవాళ్ళకూ అందులో రెండు కోర్సులు నడిచేవి. ఒక గదిలో కంప్యూటర్లు బాగుచేయడం, చెడిపోయిందని ఫోన్ చేసినవాళ్ళకు ఓపిగ్గా జవాబు చెప్పడం నేర్పేవారు. నేర్పేది నయీముద్దీన్ సార్. పక్క గదిలో బాలవాడి టీచర్ల శిక్షణ. దానికి ఇందుమతి మేడం. కాబోయే టీచర్లకు అభ్యాసం కావాలి కనుక ఆ గదిలోనే ఒక బాలవాడి కూడా ఉండేది. మార్కెట్లో గంపలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళు పొద్దున పిల్లల్ని అక్కడ దించి, బేరాలు ముగిశాక తీసుకుపోయేవారు. రెండు గదుల మధ్య ఒక గోడ ఉండేది. ఆ గోడ ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఒకరోజు హైదరాబాదు నుంచి నైపుణ్య సమన్వయ శాఖ సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావుగారు తనిఖీకి వచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన ఏదో శిక్షణా శిబిరానికి వెళ్ళారట. విడివిడిగా ఉన్నవాటిని కలపడమే పరిపాలన అని అక్కడ ఎవరో చెప్పారట. అప్పటి నుంచీ ఆయన చేతులు ఊరుకోవడం లేదు. మా ఊరికి వచ్చే దారిలోనే పక్క పట్నంలో కుట్టుమిషన్ల కేంద్రాన్నీ పశువుల ఆసుపత్రినీ కలిపి వచ్చారు.

ఆయన గుమ్మంలో నిలబడి ఒక గదిలోకి చూశారు. ఒక విద్యార్థి ఆగిపోయిన కంప్యూటర్ ముందు కూర్చుని, మీట మీద మీట నొక్కుతూ దాన్ని లేపుతున్నాడు. రెండో గదిలోకి చూశారు. ఒక విద్యార్థిని అలిగి మూలన కూర్చున్న పిల్ల వీపు నిమురుతోంది. త్రివిక్రమరావుగారి కళ్ళు మెరిశాయి.

"గమనించారా ప్రిన్సిపాల్‌గారూ! ఇచ్చట మొరాయించిన యంత్రం. అచ్చట మొరాయించిన శిశువు. ఉభయులూ తమ బాధ ఏమిటో స్వయంగా వ్యక్తపరచజాలరు. ఉభయులనూ ఒక నిపుణుడు సముదాయించవలసి ఉన్నది. మూలసూత్రం ఒక్కటే అయినప్పుడు వ్యయం రెండింతలు ఏల?"

ప్రిన్సిపాల్ భుజంగంగారు పై అధికారి ఏమన్నా ముందు తలూపి, తర్వాత అర్థం చేసుకునే మనిషి. "నిజం సార్. ఇన్నేండ్లు మా కండ్లకు ఆనలేదు సార్" అన్నాడు.

పండగ సెలవులు అయ్యేసరికి గోడ లేదు. దాని చోట ఒక బోర్డు వెలిసింది: 'సమీకృత కంప్యూటర్ సహాయ – శిశు వికాస కేంద్రం'. రెండు కోర్సులకూ కలిపి ఒకే నియమావళి వచ్చింది. అందులో పిల్ల అనే మాట గానీ కంప్యూటర్ అనే మాట గానీ లేదు. రెండింటినీ కలిపి 'యూనిట్' అన్నారు.

మొదటి గొడవ మైథిలితో మొదలైంది. మైథిలి టమాటాలమ్మే కొమురమ్మ మనవరాలు. ఆడుకుంటూ బెంచీకి మోకాలు కొట్టుకుని బావురుమంది. శిక్షణలో ఉన్న రజిత పరుగున వెళ్ళి ఎత్తుకోబోయింది.

"ఆగమ్మా! ఫిర్యాదు నమోదైందా?" అని అరిచాడు ప్రిన్సిపాల్.

యూనిట్‌లో లోపం కనిపిస్తే ముందు ఫిర్యాదు నమోదు చేసి, నంబరు తీసుకుని, నియమావళిలోని ప్రశ్నలన్నీ అడిగాకే దాన్ని తాకాలి. రజిత నంబరు తెచ్చుకుంది. నియమావళి పట్టుకుని పిల్ల ముందు గొంతుకూర్చుంది.

"మీ సమస్య ఎప్పటి నుంచి ఉన్నది?"

మైథిలి గొంతు ఇంకా పెంచింది.

"తెర మీద ఏమన్నా సందేశం కనిపిస్తున్నదా?"

మైథిలి మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"ఈమధ్య కొత్తగా ఏమన్నా లోపలికి ఎక్కించిండ్రా?"

"ఇడ్లీ" అంది మైథిలి వెక్కుతూ.

రజిత పేజీ తిప్పి చూసి, "దాన్ని తొలగించి మళ్ళ ప్రయత్నించండి" అని చదివింది. చదివి, ఏం చేయాలో తోచక ఇందుమతి వైపు చూసింది. ఇందుమతి చేతిలో ఉన్న సుద్దముక్క పక్కన పెట్టి వచ్చి పిల్లను చంకనేసుకుంది. మోకాలు ఊదింది. ఏడుపు ఆగింది.

"ఫిర్యాదు రెండో అంచెకు పోకముందే ఎట్ల ఎత్తుకున్నరు మేడం?" అన్నాడు ప్రిన్సిపాల్. సాయంత్రానికి ఆమెకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా యూనిట్‌ను నేరుగా సముదాయించినందుకు వివరణ అడిగారు.

నియమావళిలో అన్ని సమస్యలకూ మొదటి మందు ఒకటే. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. అంటే పిల్ల ఏడ్చినా, దగ్గినా, పక్కపిల్ల జుట్టు పీకినా ముందు పడుకోబెట్టి తర్వాత లేపాలి. పిల్లలు ఈ పద్ధతిని అందరికంటే ముందు పట్టేశారు. ఎక్కాలు మొదలుపెట్టగానే "మేడం, నేను హ్యాంగ్ అయిన" అని ఒక్కొక్కరే చాప మీద వాలిపోయేవారు.

కంప్యూటర్ల పరిస్థితి ఇంకో తీరు. బాలవాడి యూనిట్లకు రోజూ గుడ్డు పెట్టాలని నిబంధన ఉంది. కంప్యూటర్లూ యూనిట్లే. ప్రిన్సిపాల్ ఉడికించిన గుడ్లు ఒక్కో కంప్యూటర్ ముందు ఒక్కొక్కటి పెట్టించాడు.

"సార్, దీనికి నోరే లేదు సార్" అన్నాడు నయీముద్దీన్.

"నోరు లేని జీవి గనకనే మనం చూసుకోవాలె."

"పోనీ పిల్లగాండ్లు తింటరు సార్, రెండేసి ఇద్దాం."

"ఒక యూనిట్ గుడ్డు ఇంకో యూనిట్‌కు పెడ్తే ఆడిట్‌ల దొరుకుతం నయీమ్. నీకు ఉద్యోగం వద్దా?"

నయీముద్దీన్‌కు ఉద్యోగం కావాలి. ఇంట్లో ముసలి తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. అతను గుడ్లు పెట్టాడు. కంప్యూటర్లు మూసేముందు నియమం ప్రకారం జోలపాట కూడా పాడాడు. మొదటిరోజు సిగ్గుపడి లోగొంతుకతో పాడాడు. వారం తిరిగేసరికి గొంతు విప్పాడు. గుడ్లకు చీమలు పట్టాయి. చీమలు మీటల సందుల్లోకి దూరాయి. నెలవారీ ఆరోగ్య నివేదికలో 'యూనిట్లకు దద్దుర్లు' అని రాశారు. దానికి పూత మందు మంజూరైంది.

ఇందుమతి ఊరుకునే మనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా మార్కెట్ పిల్లల్ని పెంచిన చెయ్యి అది. పిల్లకూ యంత్రానికీ తేడా ఏమిటో చెబుతూ త్రివిక్రమరావుగారికి ఉత్తరం రాసింది. జవాబు మూడోనాడే వచ్చింది. 'మీ ఫిర్యాదు నమోదైనది. మీ సమస్య పరిష్కరించబడినది. మా సేవ మీకు తృప్తి కలిగించినదా? అయిదింటికి ఎన్ని చుక్కలో వేసి తెలియజేయగలరు.' ఆమె ఒక్క చుక్క కూడా వేయలేదు. దాంతో ఆమె ఫిర్యాదు అసంపూర్ణంగా ఉందని ఇంకో మెమో వచ్చింది.

ఇదంతా ఎలాగో సాగిపోయేదే. ఏడాది చివర వచ్చింది అసలు చిక్కు.

ఏటా ఆ సమయానికి బాలవాడి పిల్లలకు బదిలీ పత్రాలిచ్చి పక్క వీధిలోని సర్కారు బడికి పంపడం, అదే సమయానికి పాత సామానును వేలం వేయడం అలవాటు. ఇప్పుడు రెండింటికీ ఒకే కమిటీ. ఒకటో తరగతికి ఎవరు అర్హులో ఆ కమిటీ తేల్చింది. చెప్పిన మాట వినాలి, కదలకుండా కూర్చోవాలి, అంకెలు తెలిసి ఉండాలి. కంప్యూటర్లన్నీ నెగ్గాయి. పిల్లల్లో ఒక్కరూ నెగ్గలేదు. తర్వాత పాత సామాను సంగతి తేల్చారు. అయిదేళ్ళు నిండిన యూనిట్ కాలం చెల్లినట్టు. కంప్యూటర్లు కొని రెండేళ్ళే అయింది. పిల్లలందరికీ అయిదు నిండాయి.

మైథిలి బదిలీ పత్రం కోసం కొమురమ్మ ఆఫీసుకు వెళ్ళింది. గుమస్తా జాబితా చూసి, "ఇచ్చేది లేదమ్మా. నీ పిల్ల వేలంల ఉన్నది" అన్నాడు.

కొమురమ్మ గంప అక్కడే పడేసి ఇందుమతి దగ్గరికి పరుగెత్తింది.

"మేడం, నా మనుమరాలు పాతదైందంట! దానికి పాలపండ్లన్న ఊడలే మేడం, అప్పుడే పాతదెట్లయితది?"

ఇందుమతి ఆమెను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. అదృష్టమో మరొకటో, కమిటీ ముగింపు సమావేశానికి వచ్చిన త్రివిక్రమరావుగారు అక్కడే కూర్చుని జీడిపప్పు తింటున్నారు.

"సార్, ఈమె మనుమరాలిని వేలం జాబితాల పెట్టిండ్రు" అంది ఇందుమతి.

"భావోద్వేగం వేరు, ఆస్తుల నిర్వహణ వేరు. కాలం చెల్లినట్లు ప్రకటించబడిన యూనిట్‌ను తిరిగి కాలంలోకి తెచ్చుటకు పూర్వోదాహరణ లేదు" అన్నారాయన.

"అది యూనిట్ కాదు సార్, మనిషి."

"అది మీ వాదన. ఆధారం?"

కొమురమ్మ రవికలోంచి మడతలు పడ్డ పుట్టిన సర్టిఫికెట్ తీసి బల్లమీద పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది జన్మించినట్లు ఆధారం. ఇప్పటికీ పనిచేయుచున్నట్లు ఆధారం కాదు."

"నా పిల్లను నేను ఇంటికి తోల్కపోత. ఎవరడ్డమొస్తరో చూస్త" అంది కొమురమ్మ.

"తీసుకుపోవచ్చు. ప్రభుత్వ ఆస్తి తరలించినట్లు కేసు అవుతుంది. పైగా విడుదల పత్రం లేనిదే ఏ పాఠశాలలోనూ చేర్చుకోరు."

 కొమురమ్మ కూతురు బడికి పోలేదు. కొమురమ్మ కూడా పోలేదు. మైథిలి ఒక్కతైనా పోవాలని ఎండలో కూర్చుని టమాటాలు అమ్ముతోంది. ఆమె కొంగు నడుముకు దోపుకుని, "అయితే వేలం నేనే పాడుత. నా పిల్లను నేనే పాడుకుంట" అంది.

"నమోదిత పాత సామాను వ్యాపారస్థులు మాత్రమే పాల్గొనవలెను" అన్నారు త్రివిక్రమరావుగారు, ఇంకో జీడిపప్పు నోట్లో వేసుకుంటూ.

మా ఊళ్ళో అలాంటి వ్యాపారి ఒక్కడే. బస్టాండు దగ్గర జహంగీర్. అతని కొట్టు ముందు తుప్పు పట్టిన సైకిళ్ళు, పగిలిన బకెట్లు, రెక్కల్లేని ఫ్యాన్లు గుట్టగా ఉంటాయి. ఇందుమతి, కొమురమ్మ, ఇంకా నలుగురైదుగురు తల్లులు ఆ గుట్ట పక్కన నిలబడి సంగతంతా చెప్పారు. జహంగీర్ గడ్డం గీరుకున్నాడు.

"మేడం, ఇనుమైతే తూకం. ప్లాస్టిక్ అయితే తూకం. పిల్లల్ని ఏ లెక్కన కొనాలె?"

"కొనుడు కాదు భాయ్, విడిపించుడు. పైసలు మేము పోగేస్తం. మీ పేరు మీద పాడండి, అంతే."

"రేపు ఎవరన్నా పోలీసోళ్ళు వచ్చి పిల్లల్ని కొన్నవా అంటే?"

"కొన్న అని చెప్పు. సర్కారే అమ్మిందని చెప్పు" అంది కొమురమ్మ.

అతను ఇంకా ఆలోచిస్తుంటే కొట్టు లోపలి నుంచి అతని భార్య జరీనా గొంతు వినిపించింది. "ఏం సోచాయిస్తున్నవ్ జీ? పొయ్యి పాడు! ఆ ఆడోళ్ళు ఎండల నిలబడ్డరు, కానవడ్తలేదా?"

జహంగీర్ చెప్పులేసుకున్నాడు.

వేలంపాట కాలేజీ ఆవరణలోనే జరిగింది. పాత కీబోర్డులు, విరిగిన కుర్చీలు, పిల్లలు, అన్నీ కలిపి ఒకే లాటు. విడివిడిగా అమ్మరు. పిల్లల్ని కుర్చీల పక్కన వరుసగా నిలబెట్టి చొక్కాలకు నంబరు చీటీలు అంటించారు. రజిత కళ్ళు తుడుచుకుంటూ జిగురు రాసింది. పిల్లలకు మాత్రం అది కొత్త ఆట. నీ నంబరు పెద్దదా నా నంబరు పెద్దదా అని వాదించుకుంటున్నారు.

గుమస్తా పాట మొదలుపెట్టబోయి ఆగాడు. పాడేవాడు ఒక్కడే ఉంటే వేలం చెల్లదు. ఇద్దరు కావాలి. జహంగీర్ అప్పటికప్పుడు పక్క ఊళ్ళో అదే వ్యాపారం చేసే బావమరిది ఖలీల్‌కు ఫోన్ చేసి రప్పించాడు. "ఊకె నిలబడి ఒక్క పాట పాడి చాలించు" అని చెవిలో చెప్పాడు. ఖలీల్ సరేనన్నాడు. కానీ అతను పుట్టినప్పటి నుంచీ వేలంపాటల్లో బతికిన మనిషి. ఎదుటివాడు పాడిన పాట చెవిన పడగానే ఒళ్ళు మరిచిపోయి పెంచేశాడు. జహంగీర్ పెంచాడు. ఖలీల్ మళ్ళీ పెంచాడు. జహంగీర్ ఇంకా పైకి పోయాడు. తల్లులు కొంగుముడిలోని డబ్బు మళ్ళీ లెక్కపెట్టుకున్నారు. కొమురమ్మ జనంలోంచి నెమ్మదిగా జరిగి ఖలీల్ వెనక్కి చేరి, అతని నడుం మీద బలంగా ఒక గిల్లు గిల్లింది. ఖలీల్ "అమ్మో!" అన్నాడు. గుమస్తా దాన్ని విరమణగా రాసుకున్నాడు.

లాటు జహంగీర్‌కు ఖాయమైంది. 'ఉన్నది ఉన్నట్లుగా విక్రయించబడినది. తిరిగి తీసుకోబడదు' అని రసీదు చేతికి వచ్చింది. దాని మీద స్టాంపు, స్టాంపు మీద సంతకం.

అతను ట్రాలీ ఆటో తెచ్చాడు. కీబోర్డుల మధ్య పిల్లలు ఎక్కి కూర్చున్నారు. ఒకడికి విరిగిన కుర్చీ దొరికింది, దానిమీద దొరలా కూర్చున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ నంబర్లు సరిచూసి వదిలాడు. ఆటో ముందు, తల్లులు వెనక. ఇందుమతి జహంగీర్ పక్కన కూర్చుంది. తిన్నగా సర్కారు బడికి పోయారు.

బడిలో హెడ్మాస్టరు సత్తయ్యగారు వాళ్ళను గుమ్మంలోనే ఆపాడు.

"జాగ లేదు మేడం. ఒకటో తరగతి నిండిపోయింది."

ఇందుమతి లోపలికి తొంగిచూసింది. బెంచీల మీద వరుసగా కంప్యూటర్లు కూర్చుని ఉన్నాయి.

"బదిలీ పత్రాలతోటి వచ్చినయి, చేర్చుకోక ఏం జేస్త?" అన్నాడాయన దిగులుగా. "బడికి కంప్యూటర్లు కావాలని ఎన్నో ఏండ్ల నుంచి పైకి రాస్తున్న. ఇప్పుడు వచ్చినయి గని విద్యార్థులై వచ్చినయి. వైరు కూడ పెట్టలేకపోతున్న. విద్యార్థికి కరెంటు పెట్టిండని రేపు నా మీద కేసైతే?"

"హాజరు ఎట్లున్నది సార్?" అని అడిగింది ఇందుమతి.

"హాజరుకేం, నిండుగున్నది. ఒక్కరోజు నాగా లేదు. గని పలక ఇస్తే పట్టుకోవు."

"చదువు అబ్బని పిల్లలు బడి మానేస్తుంటరు కద సార్. మీరు ఎట్ల రాస్తరు?"

 సత్తయ్యగారు కలం తీశాడు. "మధ్యల బడి మానేసిండ్రు అని రాస్త. ఏటా కొందరు మానేసుడే కద." కంప్యూటర్లన్నీ ఆ పూటే బడి మానేశాయి. వాటిని పక్క గదికి మోయించి, తలుపు వేసి, మొదటిసారిగా వైరు పెట్టాడాయన. వెలుగు వచ్చింది. ఆయన ముఖంలోనూ వచ్చింది.

"మరి వీళ్ళను చేర్చుకోనీకి పత్రాలేవి?"

జహంగీర్ రసీదు ఇచ్చాడు. సత్తయ్యగారు కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు.

"సర్కారు రసీదు. స్టాంపున్నది, సంతకమున్నది. పుట్టిన సర్టిఫికెట్ల సగం దొంగవి వస్తున్నయి మేడం. గిసుంటి గట్టి కాయితం నేనింతవరకు చూడలే." ఒక్కొక్క పిల్ల పేరూ రాసుకున్నాడు. సంరక్షకుడు అన్నచోట మాత్రం కలం ఆగింది. "రసీదు ఎవరి పేరు మీదున్నదో ఆ పేరే రాయాలె. నాకు వేరే దారి లేదు." పిల్లలందరి పేర్ల ఎదురుగా జహంగీర్ అని రాశాడు. జహంగీర్ అన్నిటికీ సంతకాలు పెట్టాడు. 

మైథిలి మొదటి బెంచీ మీద కూర్చుని, కిటికీలోంచి అమ్మమ్మకు చెయ్యి ఊపింది. కొమురమ్మ గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది.

త్రివిక్రమరావుగారి నివేదిక పైకి పోయింది. కేంద్రంలోని యూనిట్లన్నీ అయితే పై తరగతికి చేరాయి, లేకపోతే అమ్ముడుపోయాయి. ఇంత శుభ్రంగా ఖాళీ అయిన సంస్థ రాష్ట్రంలో ఇంకొకటి లేదని ఆయనకు ప్రశంసాపత్రమూ పదోన్నతీ ఇచ్చారు. ఆయన స్థానంలో వచ్చినావిడ ఇంకో శిబిరానికి వెళ్ళి వచ్చారు. అక్కడ 'వేరుపరచడమే వికాసం' అని చెప్పారట. దాంతో గోడ మళ్ళీ కట్టారు. నయీముద్దీన్‌కు కొత్త కంప్యూటర్లు వచ్చాయి, ఇందుమతికి కొత్త పిల్లలు వచ్చారు. కొత్తావిడ వెళుతూ వెళుతూ ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఇంకో గోడ కడితే ఎలా ఉంటుందని ప్రిన్సిపాల్‌ను అడిగారు. ఆయన అప్పటికే తలూపి ఉన్నాడు.

బడి రికార్డులో సంరక్షకుడి పేరు మార్చడానికి మాత్రం వీలు పడలేదు. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు కదా. అందుకని తల్లిదండ్రుల సమావేశానికి పిలుపు జహంగీర్‌కే వస్తుంది. మొదటిసారి అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. సత్తయ్యగారు అతన్ని నిలబెట్టి అందరి తప్పులూ చెప్పాడు. మైథిలి పక్కపిల్లను కొరికింది. ఒకడు సుద్దముక్కలు తింటున్నాడు. ఇంకొకడు ఇంటిపని చేయడమే లేదు. "జర శ్రద్ధ పెట్టాలె మీరు" అన్నాడు. జహంగీర్ తలవంచుకుని విన్నాడు.

అక్కణ్ణించి నేరుగా మార్కెట్‌కు వచ్చాడు. గంపల వరుస వెంట నడుస్తూ, "నీ పోరడు సుద్ద తింటున్నడంట, పొద్దున కడుపునిండ పెడ్తున్నవా లేదా? నీ కొడుకు ఇంటిపని చేస్తలేడంట, సాయంత్రం జర కూసొబెట్టు" అని ఒక్కొక్క తల్లినీ మందలించాడు. వాళ్ళు కొంగులు సర్దుకుని, సరే భాయ్, అట్లనే భాయ్ అన్నారు. కొమురమ్మ దగ్గరికి వచ్చేసరికి, "కొరికింది నా పిల్లేనా? ఆ పిల్ల ముందుగల ఏమన్నదో అడిగినవా?" అని ఎదురు తిరిగింది. జహంగీర్ అది నిజమేనని ఒప్పుకుని, అడగడానికి మళ్ళీ బడికి పోయాడు.

ఆ సాయంత్రం ఇందుమతి అతని కొట్టు ముందు ఆగింది. అతను కీబోర్డుల మీటలు పీకి గోనెసంచిలో వేస్తున్నాడు.

"మా వల్ల మీకు పెద్ద బరువు పడ్డది భాయ్. ఏమనుకోకండి" అంది.

జహంగీర్ చేతులు దులుపుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది సర్కారు వేలం పాడుతున్న మేడం. ప్రతి లాట్ల సగం ఖరాబు సామానే అంటగడ్తరు. ఈసారి ఒక్కటి గూడ ఖరాబుది రాలే."